తాత వస్తేనే మొదటి ప్లేటు: విస్కాన్సిన్‌లో ఒక పెళ్ళి ముందు రోజు

పెళ్ళికి పిలుస్తూ "వచ్చేటప్పుడు పగలగొట్టడానికి నాలుగు పాత ప్లేట్లు తెచ్చుకో" అని చెప్పినవాళ్ళని నేను అంతవరకూ చూడలేదు. చెప్పింది ఎమిలీ. ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో మా ఆఫీస్‌లో నా పక్క సీటు. నా లంచ్ బాక్స్‌లో గోంగూర పచ్చడి కనిపిస్తే అడక్కుండానే స్పూన్ పెట్టేంత చనువు. ఆవిడది విస్కాన్సిన్ రాష్ట్రం నడిమధ్యలో ఒక పల్లె. చిన్నప్పుడే తండ్రి పోతే తాత వాల్టర్ పెంచి పెద్దచేశాడు. వాళ్ళ పూర్వీకులు జర్మన్లు. చేసుకోబోయే ఆడమ్ అక్కడికి పది మైళ్ళ దూరంలోని పోలిష్ కుటుంబంవాడు. పెళ్ళి ముందు రోజు సాయంత్రం చుట్టాలూ స్నేహితులూ చేరి పింగాణీ నేలకేసి కొడతారట. ఆ పెంకులన్నీ పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ కలిసి ఊడవాలట. కాపురమంటే ఏమిటో ముందే చూపించేస్తారన్నమాట. జర్మన్లు దీన్ని పోల్టరాబెండ్ అంటారు, పొట్టిగా పోల్టర్. పోలండ్‌లో జర్మనీ పక్కనున్న ప్రాంతాలవాళ్ళు కూడా దాదాపు అదే పేరుతో చేస్తారు, కాకపోతే వాళ్ళు గాజు సీసాలు కూడా పగలగొడతారు.

పిలుపు అందుకోగానే ఎగిరి గంతేశాను. కానీ ఎమిలీ నాకో పని కూడా అప్పగించింది. "మా ఇంట్లో మొదటి ప్లేటు ఇంటి పెద్ద వేయాలి. తాత శనివారం చర్చికి వస్తానంటున్నాడు, శుక్రవారం పోల్టర్‌కి మాత్రం రానంటున్నాడు. అది పోలిష్‌వాళ్ళ చర్చి హాల్‌లో కదా, ఆయనకేవో పాత కోపాలున్నాయి. నువ్వు వచ్చే దారిలోనే వాళ్ళ ఇల్లు. ప్లీజ్, ఎలాగైనా కార్‌లో ఎక్కించుకుని రా. దూరం నుంచి వచ్చినవాళ్ళని ఆయన కాదనలేడు" అంది. ఆ మాట అంటున్నప్పుడు నవ్వుతూనే ఉంది గానీ కళ్ళు నవ్వడం లేదు. తాత చేతి ప్లేటు పడకుండా ఆ పిల్ల పెళ్ళి మొదలవడం నాకూ ఇష్టం లేకపోయింది. సరేనన్నాను. నోరు ఊరుకుంటేగా!

మా ఆయన కిరణ్‌కి ఆ వారం ఆఫీస్‌లో ఆన్‌కాల్ డ్యూటీ. అందుకని ఆరు నెలలు ఉండడానికి వరంగల్ నుంచి వచ్చిన మా అత్తయ్యని తోడు తీసుకెళ్ళాను. మాది గుంటూరు. వాళ్ళది వరంగల్. మా వంటింట్లో రోజూ రెండు రాష్ట్రాలూ చర్చలు జరుపుకుంటూనే ఉంటాయి. ప్లేట్ల సంగతి చెప్పగానే అత్తయ్య బుగ్గ మీద చెయ్యేసుకుంది.

"గదేం రివాజు బిడ్డా? లగ్గం ముందటి దినం పలగ్గొట్టుడేంది? గా పిల్లకు చెప్పెటోళ్ళే లేరా?"

"అత్తయ్యా, వాళ్ళ పద్ధతి వాళ్ళది. మీరు కాస్త ఊరుకోండి" అన్నాను. ఆవిడ ఊరుకుంది. ఆవిడ ఊరుకుందంటే నేను భయపడాల్సింది. ఆ తెలివి నాకప్పుడు తట్టలేదు.

అక్టోబర్ మొదట్లో గురువారం మధ్యాహ్నం ఫీనిక్స్ నుంచి మిల్వాకీకి డైరెక్ట్ ఫ్లైట్ ఎక్కాం. మూడున్నర గంటల ప్రయాణం. రానూ పోనూ మనిషికి రెండువందల ఎనభై డాలర్లు పడింది. అక్కడ గడియారం ఫీనిక్స్ కన్నా రెండు గంటలు ముందుంటుంది కాబట్టి దిగేసరికి చీకటి పడింది. ఎయిర్‌పోర్ట్ దగ్గర మోటెల్‌లో పడుకుని, శుక్రవారం పొద్దున తొమ్మిదికి అద్దె కార్ తీసుకుని బయల్దేరాం. నలభై ఒకటో నంబర్ హైవే మీద ఉత్తరానికి, ఆష్‌కాష్ దాటాక ఆపిల్టన్ దగ్గర పదో నంబర్ రోడ్డు పట్టుకుని పడమటికి తిరగాలి. ఎమిలీ వాళ్ళ పల్లెకి దగ్గరి టౌన్ స్టీవెన్స్ పాయింట్ వరకూ రెండున్నర గంటలు, కానీ మేము నాలుగు చేశాం. ఎందుకంటే ఆ చెట్లు! ఎరుపు, పసుపు, నారింజ, ఒక్కో చెట్టు ఒక్కో రంగు. ఎండలూ ఎడారీ తప్ప చూడని చాండ్లర్ కళ్ళకి పండగే. అత్తయ్య ప్రతి రెండు మైళ్ళకీ "ఆపు ఆపు, ఫోటో" అంది. ఆపిల్టన్ దాటాక ఒక చీజ్ కొట్టు దగ్గర ఆగి, ఆ రోజే తీసిన చీజ్ ముక్కల పొట్లం ఆరు డాలర్లకి కొన్నాం. తాజాగా ఉంటే పంటికింద కీచుమంటాయి.

"గిదేంది, నములుతుంటే కూతలు పెడ్తున్నది?" అని అత్తయ్య పొట్లమంతా తనే ఖాళీ చేసింది. కొట్టు ఆవిడ పడీపడీ నవ్వింది.

వాల్టర్ ఇల్లు స్టీవెన్స్ పాయింట్‌కి ఇరవై నిమిషాలు ముందే వస్తుంది. తెల్ల రంగు చెక్క ఇల్లు, ఎర్ర కొట్టం, ఆవులు లేని పెద్ద ఖాళీ మైదానం. వాల్టర్ మంచి ఎత్తు మనిషి. ఎనభై దాటినా నడుము వంగలేదు. తలుపు తీసి మమ్మల్ని ఎగాదిగా చూసి, "మిమ్మల్ని ఎమిలీ పంపింది కదూ? కేక్ తినండి, కానీ నేను రాను" అన్నాడు. ముహూర్తమే అలా కుదిరింది.

లోపల కూచోబెట్టి నాకు కాఫీ ఇచ్చాడు. కాఫీ తాగని అత్తయ్యకి వేడి పాలు ఇచ్చాడు. ఆవిడ గుక్కలో తాగేసి ఇంకో గ్లాసు అడిగేసరికి, జీవితమంతా పాడి చేసిన మనిషి కదా, ఆయన ముఖం విప్పారింది. ప్లమ్ పళ్ళ కేక్ మీద వెన్న, పిండి, పంచదార పొడిపొడిగా కలిపి చల్లి కాల్చాడు. నేను రెండు ముక్కలు లాగించి, ఇంక మొహమాటం దేనికని అడిగేశాను, "ఎందుకు రారు?" అని. ఆయన లేచి అత్తయ్య గ్లాసులో మళ్ళీ పాలు పోశాడు. నన్నడిగితే అత్తయ్య అప్పుడు నోరు విప్పకూడదు. విప్పింది.

"నాక్గూడ పలగ్గొట్టుడు నచ్చది. చెప్పు ఆయనకు."

చెప్పక చస్తానా? చెప్పాను. వాల్టర్ టక్కున అత్తయ్య వైపు తిరిగాడు. తన పక్షాన ఒక మనిషి దొరికినందుకు ఎంత సంతోషపడ్డాడో!

"ప్లేట్లయితే ఫరవాలేదమ్మా" అన్నాడు. "అది మా వాళ్ళ పద్ధతే. గాజు పగిలే చోట మాత్రం నేను నిలబడలేను."

అప్పుడు చెప్పాడు. వాల్టర్ తండ్రి పుట్టినప్పుడు వాళ్ళ సొంత ఊరు జర్మనీలో ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక పోలండ్ మళ్ళీ ఒక దేశమై నిలబడినప్పుడు ఆ ఊరు పోలండ్‌లో కలిసింది. తండ్రికి రొట్టెల దుకాణం, దాని మీద జర్మన్ అక్షరాల బోర్డు. ఏళ్ళ తరబడి రొట్టె కొన్న పోలిష్ పొరుగువాళ్ళు రావడం మానేశారు. "వాళ్ళనీ పూర్తిగా తప్పుపట్టను. అంతకుముందు మా వాళ్ళు వాళ్ళ పిల్లల్ని బళ్ళో వాళ్ళ భాష మాట్లాడనివ్వలేదు. పెత్తనం చేసినన్నాళ్ళు చేశారు" అన్నాడు. ఒక సాయంత్రం గుంపు వచ్చి దుకాణం అద్దాలన్నీ రాళ్ళేసి కొట్టింది. పెంకులు ఏరుతూ వాల్టర్ నాన్నమ్మ చెయ్యి కోసుకుంది. తరవాత ఆ వేలు ఎప్పటికీ సరిగ్గా వంగలేదట. జర్మన్‌గానే ఉంటానంటే జర్మనీకి పొమ్మన్నారు. దుకాణం వచ్చినకాడికి అమ్ముకుని పోతే, అక్కడివాళ్ళు "పోలండ్ వాడొచ్చాడు" అన్నారు.

"ఆ దెబ్బతో నాన్న అమెరికాకి అప్లై చేశాడు. అక్కడా అదే గోల. నువ్వు జర్మన్‌వే కావచ్చు, కానీ నువ్వు పుట్టిన ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది, పోలండ్ లైన్‌లో నిలబడు అన్నారు. అది చాంతాడంత లైను. ఏళ్ళు పట్టింది. మా ఇంట్లో ఎప్పుడు గాజు గ్లాసు పగిలినా నాన్న లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. నాకూ అదే అలవాటైంది" అన్నాడు వాల్టర్.

నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. పుట్టిన దేశాన్ని బట్టి లైను! హెచ్ వన్ వీసా మీద పదేళ్ళుగా గ్రీన్ కార్డ్ లైన్‌లో వేళ్ళాడుతున్న నాకు ఆ ముసలాయన తండ్రి ఒక్కసారిగా దగ్గర చుట్టమైపోయాడు. "ఆ లైన్ సంగతి నాకు తెలుసండీ, నేనిప్పుడు అందులోనే ఉన్నాను" అంటే వాల్టర్ నా వైపు జాలిగా చూసి ఇంకో కేక్ ముక్క వేశాడు. వచ్చేటప్పుడు మెట్ల మీద నిలబడి, "ఇదంతా ఎమిలీకి చెప్పకు. పెళ్ళి ముందు ఆ పిల్ల మనసు పాడవుతుంది. ముసలాడికి మొండితనం అనుకోనీ, ఫరవాలేదు" అన్నాడు. మాటిచ్చాను. వాల్టర్ కోసమని అత్తయ్యని వెనక కూచోబెట్టి ఖాళీగా ఉంచిన సీటు పక్కన డ్రైవ్ చేస్తుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

చర్చి హాల్‌కి చేరేసరికి రెండున్నర. పెళ్ళికూతురు జుట్టు దువ్వించుకోవడానికి టౌన్‌కి వెళ్ళిందన్నారు. హమ్మయ్య అనుకున్నాను. వంటింట్లో ఆడమ్ నాన్నమ్మ ఐరీన్ పిండి కలుపుతోంది. చిన్న మనిషి, పెద్ద గొంతు. ఆవిడ చేసే పిరోగీలు అచ్చం మన కజ్జికాయల్లాగే ఉంటాయి, కాకపోతే లోపల ఆలుగడ్డ, చీజ్ పెట్టి నీళ్ళలో ఉడికిస్తారు. అత్తయ్య చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, ఆవిడ పక్కన నిలబడి అంచులు మడవడం మొదలుపెట్టింది.

"గరిజెలే గదా! నాకు రావా?"

ఇద్దరికీ ఒక్క భాషా కలవదు. పది నిమిషాల్లో ఒకరి చేతిమీద ఒకరు కొట్టుకుని నవ్వుకునేదాకా వచ్చారు. నాకేమో కడుపులో మాట ఆగడం లేదు. మూల చూస్తే ఖాళీ గాజు సీసాలు రెండు పెట్టెల నిండా ఉన్నాయి. ఐరీన్ అడిగింది, "వాల్టర్ రాలేదా?" అని. రాలేదన్నాను. "పోలిష్‌వాళ్ళ గడప తొక్కడుగా మహానుభావుడు" అంది ఆవిడ పిండి ముద్దని బల్లకేసి కొడుతూ. ఆ మాటతో నా నిగ్రహం పోయింది. ఎమిలీకి చెప్పనని మాటిచ్చాను, నిజమే. ఐరీన్‌కి చెప్పనని ఇవ్వలేదు కదా! మొత్తం చెప్పేశాను. దుకాణం, రాళ్ళు, నాన్నమ్మ వేలు, గాజు, అన్నీ.

ఐరీన్ చేతులు ఆగిపోయాయి. కోపం వచ్చిందేమోనని హడలిపోయాను. పెళ్ళివారింట పుల్ల పెట్టానా భగవంతుడా అనుకున్నాను. ఆవిడ స్టవ్ కట్టేసి, స్టూల్ లాక్కుని కూచుని, మెల్లిగా మొదలుపెట్టింది.

"మా నాన్న వాళ్ళదీ అటువైపే. జర్మనీకీ పోలండ్‌కీ సరిహద్దులో సైలీషియా. యుద్ధమయ్యాక ఏ దేశంలో ఉంటారని జనాన్ని ఓట్లు అడిగి, ఆఖరికి ఆ ప్రాంతాన్ని రెండు ముక్కలు చేశారు. మా ఊరు జర్మనీ వైపు ఉండిపోయింది. మేము పోలిష్ వాళ్ళం. నాన్న అక్కడ చిన్న పోలిష్ బడి నడిపేవాడు. ఒక పొద్దున తాళం తీస్తే కిటికీలన్నీ పగిలి ఉన్నాయి. పిల్లల పలకల మీద కూడా గాజు పెంకులే. నేను కోడలిగా వచ్చిన ఇంట్లో పోల్టర్‌కి సీసాలు పగలగొట్టడం అలవాటు. కాదనలేకపోయాను. ప్రతి పెళ్ళికీ ఆ టైముకి వంటింట్లోకి వచ్చి, కుళాయి మొత్తం తిప్పి నిలబడతాను. గిన్నెలు కడుగుతున్నాననుకుంటారు అందరూ."

"మరి అమెరికాకి ఎలా వచ్చారు మీ నాన్నగారు?" అన్నాను. నా బుర్ర ఎప్పుడూ ఇమిగ్రేషన్ దగ్గరే తిరుగుతుంది.

"ఎలా ఏముంది, పుట్టింది జర్మనీలో కదా, జర్మన్ల లైన్‌లో పెట్టారు. ఏడాది తిరక్కుండా వచ్చేశాడు. ఇక్కడ ఎవరైనా జర్మన్ అంటే మాత్రం మండిపడేవాడు."

ఆ జర్మన్ పోలండ్ లైన్‌లో ఏళ్ళు నిలబడ్డాడు, ఈ పోలిష్ ఆయన జర్మన్ల లైన్‌లో నడిచి వచ్చేశాడు! నేను దాన్ని నోటితో అనేలోపే ఐరీన్ యాప్రాన్ విప్పి పడేసింది. సీసాల పెట్టెలు రెండూ తనే ఈడ్చుకెళ్ళి బయట రీసైక్లింగ్ డబ్బా పక్కన పెట్టింది. బల్లలు వేస్తున్న ఆవిడ కొడుకు "అమ్మా, అవి మన పద్ధతి కదా!" అంటే, "ఈ రోజుకి కాదు" అని నా వైపు తిరిగింది.

"కార్ తాళాలు ఉన్నాయా నీ దగ్గర?"

పదిహేను నిమిషాల దారి. అత్తయ్య పిండి చేతులతోనే వెనక సీట్‌లో కూచుంది. మమ్మల్ని కిటికీలోంచి చూసి వాల్టర్ తలుపు తీసి గడపలోనే నిలబడ్డాడు. ఆయనా ఐరీన్ ముప్పై ఏళ్ళుగా ఒకే కిరాణా కొట్టులో ఎదురుపడి తల ఆడించుకున్నవాళ్ళే. అంతకు మించి ఒక్క మాట లేదట.

"గాజు తీసేయించాను వాల్టర్" అంది ఐరీన్ మెట్ల కింద నుంచి.

ఆయన నా వైపు చూశాడు. నేను చెట్ల వైపు చూశాను.

"నా కోసం మీ పద్ధతి మార్చుకోవడం దేనికి? వద్దు."

"నీ కోసమని ఎవరన్నారు? మా నాన్న కోసం తీయించాను. మీవాళ్ళు ఆయన బడి కిటికీలు పగలగొట్టారు."

ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను. కానీ వాల్టర్ ఒక మెట్టు దిగాడు. "ఏ ఊళ్ళో?" అన్నాడు. ఆవిడ చెప్పింది. మా ఊరి పేరు ఇది అని ఆయన చెప్పాడు. గాజు గ్లాసు పగిలితే తండ్రి బయటికి వెళ్ళిపోయేవాడని ఆయన, ప్రతి పెళ్ళికీ కుళాయి తిప్పుకుని నిలబడతానని ఆవిడ, ఒకరికొకరు అప్పజెప్పుకున్నారు. క్షమాపణలూ అవీ ఏమీ లేవు. మెట్ల మీద కూచుని, చిన్నప్పుడు విన్నవి ఒక్కొక్కటీ చెప్పుకుంటుంటే ఇద్దరి గొంతులూ చిన్నపిల్లల గొంతుల్లా అయిపోయాయి. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఇక ఉండబట్టలేక వాల్టర్ వైపు తిరిగి లైన్ల సంగతి బయటపెట్టాను. "మీ నాన్న వీళ్ళ లైన్‌లో నిలబడ్డాడు, వీళ్ళ నాన్న మీ లైన్‌లో వచ్చాడు!"

వాల్టర్, "అంటే మా నాన్న చోటు మీ నాన్న కొట్టేశాడన్నమాట!" అన్నాడు.

"మీ నాన్న మా వాళ్ళలో ఒకడి చోటు తీసుకోలేదూ?" అంది ఐరీన్. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. వాల్టర్ నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అత్తయ్య నా మోచెయ్యి లాగింది.

"గింతసేపు ఏడ్సుడు, గిప్పుడు నవ్వుడు. ఏందే?"

మన గ్రీన్ కార్డ్ లైన్ లాంటిదేనని విడమరిచి చెప్పాను. ఆవిడ అంతా విని, "మంచిగున్నది. మరి మీది ఎప్పుడొస్తది?" అంది. అందులో నవ్వులాట ఏముందో ఆవిడకి అర్థం కాకపోయినా, ఆ మాట నేను ఇంగ్లిష్‌లో చెప్తే వాళ్ళిద్దరూ మళ్ళీ నవ్వారు.

వాల్టర్ లేచి లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. మనసు మార్చుకున్నాడేమోనని భయపడుతుండగా ఒక చెక్క పెట్టె ఎత్తుకుని వచ్చాడు. కింద పెట్టి ఇంకోటి తెచ్చాడు. దాని వెనక మూడోది. అన్నిట్లోనూ అంచులు లేచిన ప్లేట్లు, పిడి లేని కప్పులు, మూత లేని టీ కెటిల్. "ఎమిలీ పెళ్ళి ఖాయమైన రోజు నుంచీ ఊళ్ళో పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి పోగుచేశాను. రానని తెలుసు. అయినా కొంటూనే ఉన్నాను" అన్నాడు. ఆ మాటకి ఐరీన్ ముఖం అటు తిప్పుకుంది. రోజుకి పన్నెండు డాలర్లు మిగులుతాయని నేను తీసుకున్న బుల్లి కార్ డిక్కీలో ఆ మూడు పెట్టెలూ పట్టవు. ఒకటి డిక్కీలో, ఒకటి వెనక సీట్‌లో అత్తయ్యకీ ఐరీన్‌కీ మధ్య, మూడోది ముందు సీట్‌లో వాల్టర్ ఒళ్ళో. గతుకు వచ్చినప్పుడల్లా పింగాణీ గలగలమంది. దారి పొడుగునా ఆ ఇద్దరూ ప్లమ్ కేక్ మీద చల్లే పొడిలో వెన్న ఎంత పడాలన్న దాని మీద కొట్లాడుకున్నారు. నా బతుక్కి అంత కమ్మటి కొట్లాట ఎప్పుడూ వినలేదు.

హాల్ ముందు సిమెంట్ నేల మీద ఎమిలీ నిలబడి ఉంది. కార్ ముందు తలుపు తెరుచుకుని, పెట్టె వెనక నుంచి తాత ముఖం కనపడేసరికి, అంతసేపూ దువ్వించుకున్న జుట్టు సంగతి మరిచి పరిగెత్తుకొచ్చింది. "తాతా!" తప్ప ఇంకో మాట రాలేదు. "ఏడిస్తే ఊడవడానికి కళ్ళు కనపడవు" అన్నాడాయన గరుగ్గా. పెట్టెలోంచి నీలం పూల ప్లేటు ఒకటి తీసి, అటూ ఇటూ చూసి, బలంగా నేలకేసి కొట్టాడు. అది వంద ముక్కలయ్యేసరికి రెండు వైపులవాళ్ళూ కలిసి వేసిన కేకకి హాల్ పైన కూచున్న పావురాలు లేచిపోయాయి.

ఆ తర్వాత నా వంతు. ఇంటి నుంచి నాలుగు పాత ప్లేట్లు సర్దుకొచ్చిన సంచి ఊపుగా తెరిచాను. లోపల నేను పెట్టిన పాత పింగాణీ లేదు. తువ్వాళ్ళలో చుట్టిన స్టీల్ పళ్ళేలు నాలుగు, అంచున మా మామగారి పేరు కొట్టించినవి, వరంగల్ నుంచి వచ్చినవి!

"అత్తయ్యా! నేను పెట్టినవేవి?"

"గవి ఇంట్లనే ఉన్నయి. గివి పలుగయి. గా పిల్ల లగ్గంల మన చేత్తోని ఒక్కటి గూడ పలగొద్దు" అంది ఆవిడ, కడుపు నిండిన తృప్తితో.

చేసేదేముంది? విసిరాను. ఠంగుమని ఎగిరి, గుండ్రంగా దొర్లుకుంటూ పోయి ఆడమ్ కాళ్ళ దగ్గర పడింది. ఒక్క సొట్ట కూడా లేదు. జనం ఊగిపోయారు. అంతే, అందరూ వరస కట్టేశారు. ఐరీన్ విసిరింది, ఆవిడ కొడుకు విసిరాడు, వాల్టర్ చొక్కా చేతులు మడిచి మరీ మూడుసార్లు విసిరాడు. పగిలితేనా! చివరికి ఎమిలీ ఆ నాలుగింటినీ గుండెకి హత్తుకుని, ఇవి మాత్రం నేను ఇంటికి తీసుకెళ్తానంది. అత్తయ్య ఆవిడ తలమీద చెయ్యి పెట్టి దీవించింది.

పెంకుల గుట్ట మోకాలెత్తు అయ్యాక పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ చీపుళ్ళు ఇచ్చారు. పద్ధతి ఏమిటంటే, వాళ్ళు ఊడుస్తుంటే చుట్టాలు అల్లరి చేసి మళ్ళీ చెదరగొట్టాలి. ఆ అల్లరికి వాల్టరే నాయకుడయ్యాడు. ఆయన చేటెడు పెంకులు తిరగబోస్తే, ఐరీన్ ఇంకో చేటెడు. లోపల అకార్డియన్ వాయించడం మొదలైంది. పిరోగీలు వేడివేడిగా వచ్చాయి. ఆఖరికి అలిసిపోయి ఇద్దరూ గోడవార బెంచీ మీద కూలబడ్డారు. నేను కాఫీలు తీసుకెళ్ళి ఇస్తుంటే వాల్టర్ అడుగుతున్నాడు.

"కుళాయి దగ్గరికి వెళ్ళలేదా నువ్వు?"

"లేదు" అంది ఐరీన్. "మొదటిసారి మొత్తం విన్నాను."

ఆ రెండు దేశాల మధ్య ఆ కాలంలో జరిగినవాటికి ఒక హాల్‌లో నాలుగు ప్లేట్లు పగిలితే చెల్లు అయిపోతుందని నేననను. అక్కడితో ఆగని ఘోరాలు ఆ తరవాత జరిగాయి. మా ఇంట్లో కూడా రాష్ట్రం విడిపోయిన మాట వస్తే నాకో కథ ఉంటుంది, అత్తయ్యకో కథ ఉంటుంది. ఆవిడ కథ నేను ఏనాడూ చివరిదాకా విన్నదాన్ని కాదు, మధ్యలో నా కథ అందుకుంటాను. ఆదివారం మిల్వాకీకి తిరిగి వస్తూ, ఆ రంగు రంగుల చెట్ల మధ్య, "అప్పట్లో మీ ఊళ్ళో ఏం జరిగింది అత్తయ్యా?" అని అడిగాను. ఎయిర్‌పోర్ట్ వచ్చేదాకా చెప్పింది. నేను అడ్డు రాలేదు. కష్టమే అయింది, నిజం చెప్పొద్దూ. కానీ నాకు తెలియని సంగతులు ఎన్ని ఉన్నాయో!

మీరూ శరత్కాలంలో అటు వెళ్ళాలనుకుంటే ఒక్క సలహా. రోజుకి పన్నెండు డాలర్లు ఎక్కువైనా ఫరవాలేదు, అద్దె కార్ ఒక సైజు పెద్దది తీసుకోండి. రానన్నవాళ్ళు వస్తానంటే, వాళ్ళు ఉత్త చేతులతో రారు.